సూచికలో ఒకటే మంగళం

మొన్న ఒక పెళ్ళిలో దూరపు బంధువు ఒకాయన వచ్చి పక్కన కూర్చుని, ఒక సంగీత పత్రిక నా ఒళ్ళో పెట్టాడు. తామే కొత్తగా మొదలుపెట్టారట, చూసి నాలుగు మాటలు చెప్పమన్నాడు. నాది పాత అలవాటు. ఏ పత్రిక చేతికొచ్చినా ముందు విషయసూచిక తెరుస్తాను. దీంట్లో అది ఎక్కడుందో కనుక్కోవడానికి కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకోవలసి వచ్చింది. తీరా చూస్తే నాలుగో పేజీలో ఒక గాయని బొమ్మ నిండా పరిచి, ఆమె చీర కుచ్చిళ్ళ మీద అక్కడొకటి ఇక్కడొకటి అంకెలు చల్లారు. ఏ అంకె ఏ పాటదో ఆ దేవుడికే తెలియాలి. నాకు ఒళ్ళు మండింది. "ఇది సూచికా, సంతా?" అనేశాను. ఆయన మొహం చిన్నబోయింది. పాపం, ఆయన తప్పేముంది? నా కోపం ఆయన మీద కాదు. ఆ పేజీ చూడగానే ఆదోనిలో మా పత్రికకు సూచిక కట్టిన మనిషి గుర్తొచ్చాడు. ఆయన గుర్తొచ్చినప్పుడల్లా నేను ఇలాగే ఎవరో ఒకరి మీద విరుచుకుపడతాను. ఇంట్లో వాళ్ళకు ఇది అలవాటే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆదోని పత్తి వ్యాపారులు కొందరు కలిసి ఒక సంగీత సభ నడిపేవాళ్ళు. సభ అన్నాక ఒక మాసపత్రిక ఉంటే గౌరవంగా ఉంటుందని వాళ్ళకు తోచింది. నేను హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. నాకు సంగీతం తెలుసని ఎవరో పుకారు పుట్టించారు. దాంతో సంపాదకత్వం వచ్చి నా నెత్తిన పడింది. పత్రిక అచ్చయ్యేది పత్తి మార్కెట్టు వెనక వీధిలో. అక్కడి ప్రెస్సులో, నేను చెప్పిన ఆ సూచిక కట్టిన మనిషి కంపోజిటరు.

ఊరు ఎమ్మిగనూరు. మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి సీసపు అక్షరాల పనిలోకి ఎలా వచ్చాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. వారమంతా ప్రెస్సు వెనక గదిలో ఉండి, శనివారం సాయంత్రం బస్సుకు ఊరికి పోయి, సోమవారం పొద్దున్నే వచ్చేసేవాడు. ప్రెస్సులో అందరికీ ఆయన 'ఎమ్మిగనూరాయప్ప'. పేరు పెట్టి పిలవగా నేను ఒక్కసారీ వినలేదు. నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద కాబట్టి నేను 'అన్నా' అనేవాణ్ణి. ఆయన నన్ను 'అయ్యోరూ' అనేవాడు.

పొడుగ్గా, సన్నగా, కాస్త ముందుకు వంగి ఉండేవాడు. అక్షరాలు ఏరి ఏరి కుడి బొటనవేలు నల్లబడిపోయింది, ఎంత రుద్దినా పోయేది కాదు. ఎడమ చేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు పట్టుకుని నిలబడితే గంటల తరబడి కదిలేవాడు కాదు, కాలి వేలు ఒకటి తప్ప. ఆ వేలు ఎప్పుడూ నేల మీద తాళం వేస్తూనే ఉండేది. నోటి నుంచి మాత్రం కూనిరాగమైనా వచ్చేది కాదు.

పత్తి దిగుబడుల కాలంలో ఆదోని గాలి నిండా పింజలే. జిన్నింగు మిల్లుల నుంచి కొట్టుకొచ్చి ప్రెస్సు కిటికీల్లో దూరేవి, తడి సిరా మీద వాలేవి. మామూలు పుస్తకానికి అదేమంత నష్టం కాదు. స్వరాలు వేసే పత్రికకు మాత్రం ప్రాణసంకటం. తారస్థాయి స్వరం నెత్తిన ఒక చుక్క ఉండాలి కదా, పింజ పడితే ఆ చుక్క పూడిపోతుంది. ఆయన అక్షరాల అరల మీద తడిగుడ్డ కప్పి, కావలసిన అర వరకే తొలగించి పని చేసేవాడు. అచ్చయిన ప్రతి కాగితాన్నీ వెలుతురుకు ఎత్తి చూసేవాడు.

"ఒక్క చుక్క రాలిపోతే పాట గొంతు దిగిపోతాది అయ్యోరూ. యాడో ఒక ఊర్లో ఎవురో పాప దీన్ని చూసే నేర్చుకుంటాంటాది. తప్పు నేర్చుకుంటే ఎవురు బాధ్యులు?" అనేవాడు.

మొదటి రెండు సంచికలకు సూచిక నేనే కట్టాను. పెద్ద విద్వాంసులు పైన, చిన్నవాళ్ళు కింద. నాకది న్యాయంగానే తోచింది. రెండో సంచిక వెళ్ళిన వారానికి బళ్ళారి నుంచి ఒక ఫిడేలు విద్వాంసుడు ఉత్తరం రాశాడు. తన పేరును ఫలానా ఆయన పేరు కింద వేసిన పత్రిక ఇక తన గడప తొక్కరాదని. ఆ ఫలానా ఆయన కూడా రాశాడు, తన పేరు మీద ఇంకెవరిదో ఉందని. మూడో నెల నేను ఆ పేర్లు ముందేసుకుని జుట్టు పీక్కుంటుంటే, ఎమ్మిగనూరాయప్ప స్టిక్కు కింద పెట్టి వచ్చాడు.

"పేర్లు సూసి ఎందుకు కడతారు అయ్యోరూ? పాటలు సూసి కట్టండి. కచేరీలో ముందేం పాడతారు?"

"వర్ణం."

"అయితే వర్ణం ముందర. దాని ఎనక కీర్తనలు. ఆపైన పల్లవి, జావళి. ఆఖర్న మంగళం. ఎవురి పేరు యాడికొస్తే ఆడికి. కచేరీ వరసకు ఎవురలుగుతారు?"

"మరి వ్యాసాలు?"

"మృదంగమాయప్ప ఒక్కడే వాయించే జాగా ఉంటాది సూడండి, ఆడ పెడదాం. అప్పుడే గదా సగం మంది కాపీ తాగేకి లేసి పోయేది."

అలాగే చేశాం. ఎవరూ అలగలేదు. అప్పటి నుంచి మా సూచిక అంటే ఒక కచేరీ. పాట పేరు ఎడమవైపు లావు అక్షరాల్లో, పక్కనే రాగమూ తాళమూ సన్నక్షరాల్లో, తర్వాత రాసినవారి పేరు, ఆ తర్వాత చుక్కల వరుస, కుడి చివర పేజీ అంకె. అంకెలన్నీ ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు నిలబడాలి. మంగళం ఆఖరి వరుస. దాని కింద ఇంకేమీ ఉండకూడదు. ఒకసారి చందాదారులకు మనవి అని రెండు ముక్కలు అక్కడ వేయమంటే, "మంగళం పాడినాంక ఇంగ నోరు తెరుస్తారా?" అని వేరే పేజీకి తోసేశాడు. ఒక నెల రెండు మంగళాలు చేరితే రెండోది తీసి పక్కన పెట్టాడు. కచేరీకి ఒకటే మంగళం అన్నాడు. ఆ మాట నాకు భలే నచ్చింది. ఎక్కడికి పోయినా చెప్పుకునేవాణ్ణి, అది నాకే తోచినట్టుగా.

ఆ చుక్కల సంగతి చెప్పాలి. ఒక మధ్యాహ్నం ప్రూఫు దిద్దుతూ, చుక్కలు సమానంగా లేవని సిరాతో సున్నాలు చుట్టబోయాను. మళ్ళీ చూస్తే అది నిర్లక్ష్యంలా అనిపించలేదు. ఆది తాళం పాట ఎదురుగా నాలుగు చుక్కలు, సన్నటి ఎడం, రెండు, మళ్ళీ ఎడం, రెండు. రూపకానికి రెండు, నాలుగు. ఖండచాపుకు రెండు, మూడు. పేజీ మొత్తం అలాగే ఉంది. వెనకటి సంచికలు తీసి చూశాను. వాటిల్లోనూ అంతే. ఏడాదిగా ప్రతి పాట ఎదురుగా దాని తాళం చుక్కల్లో నడుస్తోంది, సంపాదకుణ్ణి నాకే తెలియదు.

"ఏమన్నా ఇది? ఎవరికి కనిపిస్తుందని ఇంత పని?"

ఆయన సిగ్గుపడ్డాడు. అంత పెద్దమనిషి తల వంచుకుని, "మా పాపకు" అన్నాడు.

ఒక్కతే కూతురు. అప్పటికి పదిహేడేళ్ళు. ఈయన తెచ్చే ప్రూఫు కాగితాల వెనకే అక్షరాలు దిద్దుకుంది. ఎమ్మిగనూరులో భజనలకు హార్మోనియం వాయించే ఒక ముసలాయన దగ్గర స్వరాలు నేర్చుకుంది. నూలు కండెలు చుడుతూ పాడుతుంటే వీధిలో మగ్గాలు ఆపి వినేవాళ్ళట. రెండేళ్ళుగా క్షయ. పాడితే దగ్గు వస్తోంది, అందుకని గొంతు ఎత్తకుండా పాడుతుంది. ప్రెస్సువాళ్ళకు పుస్తకం దొరకడం కష్టం, దొరికినా ఏ నెలకో. ప్రూఫు కాగితమైతే ఎవరూ అడగరు. నెలకొక శనివారం సూచిక ప్రూఫును జేబులో మడిచి తీసుకుపోయేవాడు. ఆ పిల్ల కాగితం ముందు పెట్టుకుని, చుక్కల మీద వేలు నడుపుతూ, వర్ణం నుంచి మంగళం దాకా లోగొంతుతో కచేరీ నడిపేదట. తెలిసిన పాటైతే పాట, తెలియకపోతే ఆ రాగంలో నాలుగు సంగతులు.

"ఆదివారమంతా మా ఇంట్లో కచేరీనే అయ్యోరూ. పుస్తకం ల్యాకున్నా దానికి సూచికుంటే సాలు. నేను సెప్పిందే. సూచిక అబద్ధం సెప్పదమ్మా, దాంట్లో ఉండేదే పుస్తకంలో ఉంటాది, దాంట్లో లేనిది ల్యా అని."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ఎంత గర్వమో.

ఒక సోమవారం ఆయన నాలుగు మడతల కాగితం ఒకటి నా బల్ల మీద పెట్టి, నేను విప్పకముందే తన అరల దగ్గరికి వెళ్ళిపోయాడు. అక్కడి నుంచే, "మా పాప రాసింది. ఏసుకుంటే ఏసుకోండి, ల్యాకుంటే ల్యా" అన్నాడు. కొత్త పడుగు ఎక్కించిన రోజు వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు మగ్గానికి ఇచ్చే మంగళహారతి. వాళ్ళ అవ్వ పాడేదట. ఎనిమిది పంక్తులు, కింద ఆ పిల్ల కట్టిన స్వరాలు. మెల్లగా పాడి చూశాను. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, ఆ ఏడాది మా పత్రికకు వచ్చిన వాటిల్లో అంత తేటగా ఉన్నది ఇంకొకటి లేదు. చరణం చివర ఒక చోట స్వరం పైకి పోయి, నిలవకుండా, ఊపిరి చాలనట్టు దిగివస్తుంది. రాసిన పిల్ల సంగతి తెలిసిన నేను అక్కడికి మళ్ళీ వెనక్కి పోయి ఇంకోసారి పాడుకున్నాను.

"బాగుందన్నా, వేద్దాం. వచ్చే నెల వేద్దామా? ఈ నెలకు మంగళం ఉంది గదా" అన్నాను.

ఆయన చెయ్యి అక్షరాల మీద ఆగిపోయింది. "వచ్చే నెలకు..." అని, చేతిలోని అక్షరం అరలో వేసి, "డాక్టరు దినాలు లెక్క సెప్పినాడు అయ్యోరూ. దానికుండే ఆశ ఒక్కటే. సూచికలో దాని పేరు సూసుకోవాల" అన్నాడు.

ఈ నెలే వేద్దామన్నాను. ఇరవై మూడో పేజీలో ఒక వ్యాసం కింద చోటు మిగిలింది. అక్కడ సరిపోయింది. ఆయనే కంపోజు చేశాడు, ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. అడుగున సన్నక్షరాల్లో ఆ అమ్మాయి పేరు.

సూచిక దగ్గరికి వచ్చేసరికి నేను చేసిన పని ఇదీ. ఆ నెల మంగళం మద్రాసు విద్వాంసుడు ఒకాయనది. ఆయన పై గురువారం మా సభలో పాడడానికి వస్తున్నాడు. ఆయన మంగళం పక్కన ఊరూ పేరూ తెలియని నేతవాళ్ళ పిల్ల హారతి కనిపిస్తే ఏమనుకుంటాడో, సభ పెద్దలు ఏమంటారో అని నాకు జంకు. ఆ జంకు అని చెప్పుకునే ధైర్యం లేక, ఎమ్మిగనూరాయప్ప మాటనే ఆయనకు అప్పజెప్పాను.

"సూచికలో ఒకటే మంగళం ఉండనీ అన్నా. రెండుంటే బాగుండదని నువ్వే అంటావు గదా. లోపల పాట ఎట్లాగూ పడింది."

ఆయన నా మొహంలోకి చూశాడు. ఒక్క మాట, "పాప కోసం" అని ఒక్క మాట అని ఉంటే నేను ఒప్పుకునేవాణ్ణి. అనాలని ఆయనకు తోచలేదో, తన కూతురి కోసం తన కట్టడిని తానే తప్పడం ఇష్టం లేకపోయిందో తెలియదు. "నిజమే అయ్యోరూ" అని స్టిక్కు అందుకున్నాడు. కాలి వేలు తాళం వేయడం లేదని అప్పుడే గమనించాను. గమనించి, ప్రూఫు దిద్దుకుంటూ కూర్చున్నాను.

ఆ శనివారం రెండు కాగితాలు తీసుకుపోయాడు, సూచికా, ఇరవై మూడో పేజీ ప్రూఫూ. సోమవారం బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. అంతకు ముందెన్నడూ రాలేదు. లోపలికి రమ్మన్నా రాలేదు, గడప దగ్గరే నిలబడి చెప్పాడు.

"ముందు సూచికే అడిగింది. పైనుంచి కిందికంటా ఏలు పెట్టి పోయింది. మళ్ళా కిందినుంచి పైకి వచ్చింది. 'ల్యా నాయనా' అనింది. లోపల ఉండాదమ్మా అని పేజీ చేతికిచ్చినా. సదివి నగింది. 'ఇది నువ్వే నాకోసరం కంపోజు సేసి ఒక్క కాగితం కొట్టుకొచ్చినావు. నీ చేతి పని నాకు తెలీదా? పుస్తకంలో ఉంటే సూచికలో ఉండదా?' అనింది. నేనెంత సెప్పినా నమ్మలా. ఎట్ల నమ్ముతాది? నేనే గదా నేర్పిచ్చింది."

సూచిక ఉండేది అట్ట లోపలివైపు. ఆదివారమే అట్టలన్నీ అచ్చయిపోయాయి. తోచింది అనేశాను. "ఒక వరుస చేర్చి ఇంకో ప్రూఫు తీసి పట్టుకుపోరాదా అన్నా?"

"మొన్న సూసింది గదా. అయినా దొంగ సూచిక నా చేత్తో ఎట్ల కట్టేది?" అప్పుడు అసలు మాటకు వచ్చాడు. "మీరొకసారి ఎమ్మిగనూరికి రండి అయ్యోరూ. ఎడిటరు సెప్తే నమ్ముతాది. పొద్దన బస్సుకు పోయి మద్యాన్నానికి వచ్చేయచ్చు."

ఆదోని నుంచి ఎమ్మిగనూరు ఎంత దూరం? బస్సెక్కి ఒక కునుకు తీస్తే వచ్చేస్తుంది. కానీ గురువారం కచేరీ ఉంది, వేదిక పనులున్నాయి, విద్వాంసుణ్ణి పరిచయం చేస్తూ నేను చదవాల్సిన ప్రసంగం ఉంది. "శుక్రవారానికి కుట్టు పని అయిపోతుంది గదన్నా. పుస్తకమే పట్టుకుని ఇద్దరం పోదాం. పుస్తకం చూశాక ఇంక చెప్పేదేముంది?" అన్నాను. తెలివైన మాటే అన్నాననుకున్నాను.

"శుక్రారమా" అన్నాడు. "సరే అయ్యోరూ. మీరొస్తారని దానికి సెప్పి పంపిస్తాలే."

ఇంకొకటి కూడా చెప్పాలి, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. గురువారం వేదిక మీద విద్వాంసుడి చేతికి ఇవ్వడానికని బుధవారమే ఒక్క కాపీ ముందుగా కుట్టించాను. కుట్టింది ఆయనే. సూది పెట్టి, దారం లాగి, అంచులు కోసి, తుడిచి నా చేతిలో పెట్టాడు. ఆ కాపీ తనకు కావాలని అడగలేదు. ఇవ్వాలని నాకు తట్టలేదు. తట్టలేదంటే నమ్ముతారా? నాకే నమ్మబుద్ధి కాదు.

గురువారం కచేరీ బ్రహ్మాండంగా జరిగింది. విద్వాంసుడు పుస్తకం తెరిచి, సూచిక చూసి, "ఇది చదువుతుంటే కచేరీ విన్నట్టే ఉందయ్యా, ఎవరిదీ ఊహ?" అన్నాడు. సభంతా నా వైపు చూసింది. నేను చేతులు జోడించాను.

గురువారం మధ్యాహ్నమే కబురొచ్చి ఎమ్మిగనూరాయప్ప ఊరికి వెళ్ళిపోయాడని శుక్రవారం పొద్దున ప్రెస్సులో చెప్పారు. ఆయన బస్సు దిగేసరికే అంతా అయిపోయిందట. నేను కొత్త పుస్తకం ఒకటి తీసుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను. ఆ రోజు కునుకు రాలేదు.

వాళ్ళ వీధిలో మగ్గాలన్నీ ఆపేశారు. అరుగు మీద ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఆయన లేచి వచ్చాడు. నేను ఏదో అనబోయాను. ఆయన వినలేదు, చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు. అట్ట తిప్పలేదు, సరిగ్గా ఇరవై మూడో పేజీ దగ్గర తెరిచాడు. అలవాటు కొద్దీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. చుక్కలన్నీ ఉన్నాయో లేదో చూశాడు. తర్వాత పుస్తకం అలాగే తెరిచి నా చేతికిచ్చి, "లోపలికి రండి అయ్యోరూ" అన్నాడు.

లోపలి గదిలో వాళ్ళ ఆమె ఒక మూల గోడకు ఆనుకుని ఉంది. నన్ను చూసి కొంగు సర్దుకుంది. కిటికీ కింద చాప పరిచే ఉంది. దాని తలవైపు గోడకు నాలుగైదు సూచిక ప్రూఫులు అంటించి ఉన్నాయి.

"దాని జాగా ఇదే. సెప్పండి."

నాకు అర్థం కాలేదు.

"అయ్యోరే వచ్చి సెప్తాడమ్మా అని సెప్పి పంపిస్తి. వాకిలి పక్కకే సూస్తా ఉండిందంట. సెప్పండి అయ్యోరూ."

ఆయన కోపంగా అనలేదు. బతిమాలుతున్నాడు. నేను ఆ చాప ముందు చతికిలబడ్డాను. తెరిచిన పుస్తకాన్ని చాప తలవైపు పెట్టాను.

"ఇరవై మూడో పేజీలో ఉందమ్మా" అన్నాను. "అడుగున."

"పేరు కూడా పడిందని సెప్పండి" అన్నాడాయన వెనక నుంచి.

"పేరు కూడా పడిందమ్మా" అన్నాను.